తీగ యెవరిది, చెవి యెవరిది?

టెలిఫోను చరిత్ర రాసినవాళ్లలో చాలామంది పొంచి వినడాన్ని వొక నవ్వులాటగా చెప్పి వదిలేస్తారు. వొకే తీగ మీద పది యిళ్లుండడం, వొక యింట్లో మాట్లాడితే తక్కిన తొమ్మిది యిళ్లూ రిసీవర్లెత్తి వినడం, వినే పనిలో పొయ్యిమీది కూర మాడిపోవడం - యిదంతా వాళ్ల దృష్టిలో పల్లెటూరి ఆడవాళ్ల చాపల్యం. చాపల్యం లేదని నేననను. కాని ఆ నవ్వు వెనక వొక పెద్ద ప్రశ్న దాగిపోతున్నది. ఆ తీగ యెవరిది? విన్నవాడి మాట తిరిగి మాట్లాడినవాడికి వినబడుతుందా, లేదా? యీ రెండూ అడగకుండా వినడం తప్పా వొప్పా అని తీర్పు చెప్పడం, పొలం యెవరిదో అడక్కుండా పంట బాగుందని మెచ్చుకోవడం లాంటిది.

వొకే తీగ మీద అనేక యిళ్లు అనే పద్ధతి బాగా వేళ్లూనింది అమెరికా పల్లెల్లో. బెల్ మూల పేటెంట్ల గడువు 1893, 94లలో తీరిపోయింది. అంతవరకు ఆ కంపెనీ పట్టణాలను చూసుకున్నదేగాని పల్లెలవైపు కన్నెత్తి చూడలేదు. రైతుయింటికి తీగ లాగడం లాభసాటి బేరం కాదుగదా. గడువు తీరగానే రైతులే చందాలు వేసుకుని స్తంభాలు పాతుకున్నారు. కొన్ని చోట్ల పశువుల దడికి కట్టిన ముళ్లతీగనే టెలిఫోను తీగగా వాడుకున్నారు. 1920 జనాభా లెక్కల నాటికి ఆ దేశంలో దాదాపు 39 శాతం వ్యవసాయ కుటుంబాలకు ఫోను వుంది. పట్నవాసుల కంటె అది యెక్కువ పాలు.

అక్కడ యెవరికి ఫోను వచ్చినా అందరి యిళ్లలోనూ గంట మోగేది. రెండు పొడుగు గంటలు, వొక పొట్టి గంట అయితే ఫలానావారికి, మూడు పొట్టి గంటలయితే మరొకరికి అని గుర్తులుండేవి. యెవరికి వచ్చిందో అందరికీ తెలుసు గనక వినాలనుకున్నవాళ్లు వినేవాళ్లు. అయితే రిసీవరెత్తగానే తీగమీద చిన్న చప్పుడవుతుంది. యెత్తినవాళ్ల సంఖ్య పెరిగినకొద్దీ గొంతు సన్నబడుతుంది. మాట్లాడుతున్నవాళ్లు విసిగిపోయి "కాస్త ఫోన్లు పెట్టెయ్యండమ్మా, మాకే వినపడడం లేదు" అనేవాళ్లు. యింత బాహాటమైన పొంచి వినడం ప్రపంచంలో మరెక్కడైనా వుందా అని నాకు అనుమానం! నిప్పంటుకుంటే, వరదవస్తే, యెవరైనా పోతే ఆ తీగమీదే వొక పొడవైన గంట కొట్టి అందరినీ వొక్కసారి పిలిచేవాళ్లు. గుసగుసకూ సహాయానికీ వొకటే తీగ. నేడు నువ్వు నా మాట విన్నావు, రేపు నీ మాట నేను వింటాను. పొరుగువాడి మీద ఆ మాత్రం అధికారం ప్రతివాడికీ వుంది గనకనే అది భరించదగిందయింది.

పట్టణాల్లో సంగతి వేరు. అక్కడ తీగ కంపెనీది, మధ్యలో కూర్చున్నది జీతానికి పనిచేసే ఆపరేటరు. అల్మన్ స్ట్రౌజర్ అని కాన్సాస్ సిటీలో శవసంస్కారాల వ్యాపారి వుండేవాడు. పోటీ వ్యాపారి భార్య ఆపరేటరుగా వుండి తన బేరాలన్నీ మొగుడికి మళ్లిస్తున్నదని అతనికి అనుమానం తగిలిందనీ, ఆ కోపంతో ఆపరేటరే అక్కర్లేని యంత్రాన్ని కనిపెట్టాడనీ వొక కథ వుంది. కథ యెంత నిజమోగాని 1891లో అతనికి పేటెంటు వచ్చినమాట నిజం. మనం వేలితో తిప్పిన డయలు పుట్టుకలోనే వొక ఆడమనిషి చెవి మీద అనుమానం వుందన్నమాట. ఆ తర్వాత ఆమెకు పని పోయింది. కంపెనీ మాత్రం వుంది, తీగా వుంది.

తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ని గనక యిక్కడ వొక మాట మనవి చేసుకుంటాను. విన్నమాటను మోసేవాణ్ని తిట్టడానికి మన భాషలో మాటలకు కొదవ లేదు. కొండెగాడు, చాడీకోరు, పిశునుడు, కర్ణేజపుడు - వెతికితే యింకా దొరుకుతాయి. కాని పొంచి వినేవాణ్ని తిట్టడానికి సూటి అయిన నామవాచకం వొక్కటి నాకు తోచలేదు. రాజు కోసం వినేవాడికి వేగులవాడు, చారుడు అని గౌరవమైన మాటలున్నాయి. ఆ చారులే కళ్లుగా గల రాజును చారచక్షువు అని కవులు పొగిడారు. 1963లో వచ్చిన 'లవకుశ' చూసినవాళ్లందరికీ చాకలి అన్నమాట జ్ఞాపకమే. ఆ మాటను రాజుగారి చెవిదాకా మోసినవాడు యెంతమందికి జ్ఞాపకం? నోరు జారినవాడు అపరాధి, చెవి వొగ్గినవాడు ఉద్యోగి! యీ లెక్క మన వాడకట్టుల దాకా వచ్చింది.

మన దేశంలో అమెరికా పల్లెల పద్ధతి పాతుకోలేదు. కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో 1882 జనవరిలోనే ఎక్స్ఛేంజీలు తెరిచినా, స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశం మొత్తంమీద లక్ష లైన్లకు లోపే. పల్లెకు తీగ రావడమే గగనమయినప్పుడు పంచుకోవడం మాట యెక్కడిది? మా చేవెళ్ల, శంకరపల్లి ప్రాంతంలో నిజంగా అందరికీ వుమ్మడి అయిన తీగ వొకటి వుండేది. అది రైలు మార్గం వెంబడిది. సికిందరాబాదు, వాడి మార్గం 1874లో పడింది. దానిమీది స్టేషన్లకు కంట్రోలు ఫోను వొకటుంటుంది. తీగ వొక్కటే, కంట్రోలరు వొక్కడే, స్టేషన్లన్నీ దానిమీదే. శంకరపల్లి మాస్టరు మాట్లాడుతుంటే నాగులపల్లి మాస్టరు రిసీవరెత్తి వినవచ్చు. వినాలి కూడా; యే బండి యెక్కడున్నదీ తెలియడం అతని వృత్తి. ఆ వినికిడిని యెవరూ చాడీ అనలేదు.

తక్కిన జనానికి దొరికిన వుమ్మడి ఫోను వేరు. దాని పేరు పి.పి. నంబరు. ట్రంకు కాలు రోజుల్లో ఫలానా మనిషే కావాలని అడిగే కాలును పర్టిక్యులర్ పర్సన్ అనేవాళ్లు. ఆ పొడి అక్షరాలే తర్వాత పెండ్లి పత్రికలకెక్కాయని పెద్దలు చెబుతారు. వొక యింట్లో ఫోనుంటుంది. వాడకట్టులో వాళ్లందరూ ఆ నంబరే తమ నంబరుగా బంధువులకు యిచ్చుకుంటారు. 1991 నాటికి దేశమంతటా వున్న ఫోన్లు సుమారు 50 లక్షలు. ఆ ఫోన్లతోనే మిగతా కోట్లమంది నెట్టుకొచ్చారంటే యీ పద్ధతి వల్లనే.

నేను పుట్టి పెరిగిన కొండకల్లో మా వాడకట్టుకు అటువంటి యిల్లు వొకటుండేది. నేను పిలిచే పోరగాణ్ని. గంట మోగితే ఆ యింటివాళ్లు కేకేసేవాళ్లు, నేను వురికేవాణ్ని. "ఓ పెద్దనాయినా, ఫోనొచ్చింది, జల్ది రమ్మంటున్రు, పది నిమిషాలల్ల మళ్ల చేస్తరట!" చేతిలో పని వదిలి, తువ్వాల భుజాన వేసుకుని వాళ్లు వచ్చేవాళ్లు. చెప్పులు బయట విడవాలి. ఫోను హాలులో మేజా మీద వుండేది; దాని పక్కనే ఆ యింటి పెద్దమనిషి పడక్కుర్చీ. వచ్చినవాళ్లు నిలబడి మాట్లాడేవాళ్లు. గట్టిగా మాట్లాడితేగాని అవతలికి వినబడదని వాళ్ల నమ్మకం. పెద్దమనిషి పేపరు చదువుతుండేవాడు. వొక్కొక్క ఫోనుకు రెండు రూపాయలు.

కొడుకు పటాన్‌చెరు ఫ్యాక్టరీలో పని పోగొట్టుకున్న సంగతి, అల్లుడు బిడ్డను కొట్టిన సంగతి, ఆసుపత్రి సంగతి, అప్పు సంగతి - అన్నీ ఆ హాలులోంచే వాడకట్టులోకి వచ్చాయి. పెద్దమనిషి యింటి సంగతి వొక్కటికూడ వాడకట్టుకు రాలేదు. వాళ్లు మాట్లాడేటప్పుడు తలుపు దగ్గరికి వేసేవాళ్లు.

1998లో మా పెద్దనాయిన బిడ్డ లగ్గం కుదిరింది. పట్నంలో వున్న మా మేనమామ ఫోను చేస్తే పెద్దనాయిన వచ్చి నిలబడ్డాడు. నేను గడప మీద కూర్చున్నాను. "ఇంక అరవై వేలు తక్కువ పడుతున్నయి బావా, పదిహేను దినాలల్ల జేతికి రావాలె, లేకుంటే మాట పోతది," అన్నాడు. నాలుగో రోజు పొద్దున్నే ఆ యింటి పెద్దమనిషి మా యింటికి వచ్చాడు. బాట పక్కన వున్న మా యెకరం తాను తీసుకుంటానన్నాడు. యెంతకు? అరవై వేలకు. యాభై తొమ్మిది కాదు, అరవై ఒకటి కాదు. ఆ యేడే పక్క చేను యెకరా లక్షకు పోయింది. పెద్దనాయిన బేరమాడలేదు, ఆడటానికి వ్యవధి లేదని యెదుటివాడికి ముందే తెలుసు. భూమి ధర భూమిని బట్టి నిర్ణయమవుతుందని అర్థశాస్త్రం చదివినవాళ్లు చెబుతారు. ఆ పూట మాత్రం అది అమ్మేవాడి గండాన్ని బట్టి నిర్ణయమయింది. ఆ గండం లెక్క రెండు రూపాయలు పుచ్చుకుని వినబడింది.

మా పెద్దమ్మ కంట తడి పెట్టుకుని "మన గుట్టు వాళ్లకెట్ల తెల్సింది?" అని అడిగింది. వాడకట్టు కూడి విచారణ చేసింది. ఆ యింట్లో వాకిలి వూడ్చే పనిమనిషి నోరు మంచిది కాదనీ, ఆమే మోసి వుంటుందనీ అందరూ తేల్చారు. ఆ యింటివాళ్లూ అవునన్నారు. ఆమెను పని మాన్పించారు. ఆ ఫోను వచ్చింది సాయంకాలం. ఆమె పొద్దున్నే వచ్చి పోయేది. ఆ సంగతి నాకు తెలుసు. హాలులో యెవరున్నారో కూడా నాకే తెలుసు. నాకప్పుడు పదేళ్లు; నేను చెప్పలేదు. చెబితే ఆ యింటి గడప తొక్కనివ్వరని భయం. ఫోను మోగినప్పుడు వురకడంలో వొక గొప్ప వుండేది, అది పోతుందని కూడా భయం. ఆమె తర్వాత చానాళ్లు మా యింటి ముందుగా నడవలేదు.

యీ దేశంలో పేదవాడికి ఫోనుతోపాటు తలుపు దొరికింది యెస్.టి.డి. బూతు వచ్చాకనే. 1984లో యేర్పడిన సి-డాట్ యింజనీర్లు యెండకూ దుమ్ముకూ తట్టుకునే, చల్లదనపు యంత్రాలు అక్కర్లేని 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజీని తయారుచేసి, 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటిది పెట్టారు. అంతకుముందు యెక్స్ఛేంజి అంటే పట్నపు సొత్తు. ఆ తర్వాత పల్లెబాట పట్టిన పసుపుపచ్చ బోర్డులను, అద్దాల గదులను కొందరు ప్రభుత్వ ప్రచారమని తేలికగా తీసిపారేశారు. నేనలా అనలేను. శంకరపల్లిలో మొదటిసారి మా పెద్దనాయిన అద్దం తలుపు వేసుకుని మాట్లాడి బయటికి వచ్చినప్పటి ముఖం చూసినవాణ్ని. లోపల యేం మాట్లాడాడో నాకు తెలియలేదు. తెలియకపోవడమే అందులోని విశేషం. అయితే బయటికి రాగానే చేతిలో చీటీ పెట్టారు: యే నంబరుకు, యెన్ని గంటలకు, యెంతసేపు. మాట గుట్టుగానే వున్నది, దాని జాడ మాత్రం కాయితం మీద అచ్చయింది.

జాడ వెంట వెళ్లేవాడు పడక్కుర్చీలోని పెద్దమనిషి కంటె పెద్దవాడు. 1885 నాటి తెల్లవాడి టెలిగ్రాఫు చట్టం, సందేశాన్ని అక్రమంగా తెలుసుకోబోయిన మామూలు మనిషికి యేడాది జైలు అన్నది. ఆ సందేశాన్నే ప్రజాభద్రత పేరున సర్కారు వినవచ్చునని అయిదో సెక్షనులో రాసుకున్నది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ సెక్షను పోలేదు. రాజకీయ నాయకుల ఫోన్లు వింటున్న వైనం మీద సి.బి.ఐ. నివేదిక సంగతులు 1991 మార్చిలో 'మెయిన్‌స్ట్రీమ్' పత్రికలో వచ్చాయి. పౌరహక్కుల సంఘమయిన పి.యు.సి.యల్. సుప్రీంకోర్టుకెక్కింది. 1996 డిసెంబరులో తీర్పు వచ్చింది. హోం కార్యదర్శి రాతపూర్వకంగా ఉత్తర్వివ్వాలి, అది రెండు నెలలే చెల్లాలి, ఆరు నెలలు దాటి పొడిగించరాదు, పరిశీలనకు వొక కమిటీ వుండాలి అన్నారు. మంచిదే. కాని ఆ ఉత్తర్విచ్చేవాడూ, ఆ కమిటీలో కూర్చునేవాడూ సర్కారు మనుషులే. 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చినప్పుడు ఆ అధికారం కొత్త పుస్తకంలోకి క్షేమంగా నడిచివచ్చింది.

అమెరికాలో యీ రెండు చరిత్రలూ వొక చోట కలుసుకున్నాయి. ఫ్లోరిడాలోని ఆర్లాండోలో వొక మనిషి మీద పోలీసులకు అనుమానం వచ్చి, అతనున్న వుమ్మడి తీగ మీదనే తామూ వొక ఫోను పెట్టించుకున్నారు. చప్పుడు తెలియకుండా వినే సాధనం దానికి తగిలించారు. వుమ్మడి తీగమీద యెవరైనా వింటారు గదా, మేమూ విన్నాం, అని వాళ్ల వాదం. 1968లో లీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఆ సాక్ష్యం చెల్లదన్నది. రిసీవరెత్తిన చప్పుడు వినబడకుండా చేసుకున్నవాడు పొరుగువాడు కాడు. నా మాటకు యింతకంటె సాక్ష్యం అక్కర్లేదు.

మనకు దగ్గరి సంగతి 2024 మార్చిది. తీవ్రవాద కమ్యూనిస్టుల కదలికలు కనిపెట్టడానికని పెట్టిన ప్రత్యేక నిఘా విభాగంలో ప్రతిపక్ష నాయకుల ఫోన్లూ, మరెందరి ఫోన్లో విన్నారన్న ఆరోపణ మీద హైదరాబాదులో కేసు నమోదయింది, పోలీసు అధికార్లు అరెస్టయ్యారు. నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానం. కాని మొదట వామపక్షం వాళ్ల కోసమని కట్టిన చెవి తక్కినవాళ్ల వైపు తిరిగిందనేసరికి ఆశ్చర్యపోయినవాళ్లను చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. మన వాళ్లను విన్నన్నాళ్లు వాళ్లలో యెందరు నోరెత్తారు?

కొండకల్లో 2023లో రైలుపెట్టెల ఫ్యాక్టరీ తెరిచారు. బాటలు వెడల్పయినాయి, చుట్టుపక్కల చేలు ప్లాట్లయినాయి. మా యెకరం చుట్టూ ప్రహరీ వుంది. అది యిప్పటికి యెన్ని చేతులు మారిందో. వాకిలూడ్చిన ఆమె కోసం పోయిన సంక్రాంతికి వెతుక్కుంటూ పోతే, పటాన్‌చెరు దగ్గర కొడుకు దగ్గరుంటున్నదని చెప్పారు. నంబరిచ్చారు. యింకా చెయ్యలేదు.

మా పెద్దమ్మకు మనుమడు స్మార్టుఫోను కొనిపెట్టాడు. కూర్చున్నచోటనే బంధువులందరితో గట్టిగా మాట్లాడుతుంది, నవ్వుతుంది. పైసల మాట రాగానే మాత్రం లేచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పెరట్లో బావి అవతలికి వెళుతుంది.