చెరువు తెగిననాడు జవాబుదారి ఎవరు?

2019 డిసెంబరు 31వ తేదీ తెల్లవారుజామున వనపర్తి సీమలోని సరళాసాగరపు మట్టికట్టకు గండి పడెను. దాదాపు పదేండ్ల తరువాత ఆ జలాశయము నిండినదని రైతులు సంతసించి ఎంతో కాలము కాలేదు. నీరు ఊకచెట్టు వాగు వెంట రామన్‌పాడు జలాశయము వైపు పరుగెత్తెను. అదృష్టవశమున ప్రాణనష్టము కలుగలేదు. తరువాత గండి పూడ్చి కట్టను మరల నిర్మించిరి. కథ అంతటితో ముగిసినట్లే తోచును. కాని ఆ వేళ వాగుగట్టున గొఱ్ఱెలను కాచుకొనుచు ఒకడు పడుకొని యుండి, నీటి వడికి కాలు విరిగినదనుకొందము. అతడు ఎవరిని అడుగవలెను? ఏమని అడుగవలెను? ఈ ప్రశ్నకు నూటయేబది యేండ్లకు మించిన చరిత్ర కలదు.

పట్టణవాసులకు ప్రమాదకరమైన స్థలమనగా పాతబడిన మేడయో, విరిగిన మెట్టో గుర్తునకు వచ్చును. గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు ప్రాంతములలో అట్టి స్థలము మొట్టమొదట చెరువుకట్టయే. వనపర్తి సంస్థానాధీశులు త్రవ్వించిన చెరువులకు సప్తసముద్రములని పేరు. శ్రీరంగాపురములోని రంగసముద్రము వానిలో నొకటి. నాగరుకర్నూలున కేసరిసముద్రము కలదు. చెరువునకు సముద్రమని పేరిడుట రాజుల గొప్ప కొఱకే కావచ్చును. కట్టక్రింద కాపురమున్నవానికి మాత్రము వానకాలపు రాత్రి ఆ పేరు అతిశయోక్తిగా తోచదు.

సరళాసాగరము ఈ వరుసలో కడపటి బిడ్డ. వనపర్తి రాజా రామేశ్వరరావుగారు తమ తల్లి సరళాదేవి పేర దానిని తలపెట్టిరి. 1949లో శంకుస్థాపన జరిగెను. ఆ సంవత్సరమే హైదరాబాదు రాజ్యమున జాగీర్లు రద్దయి, సంస్థానములును ప్రభుత్వమున కలిసిపోయెను. నిర్మాణము ముగిసి 1959లో నీరు నిలిచెను. నీరు మట్టము మించగానే తలుపులెత్తు మనిషితో పని లేకుండ తమంతట తామే ప్రవహించు సైఫనులు దాని విశేషము. రాజు మొదలుపెట్టగా ప్రభుత్వము ముగించిన ఈ కట్టడమున, ఒక్క తరములోనే జవాబుదారి మారిపోయినాడన్నమాట. పూర్వము నీరడి చెప్పినచో దొర వినవలెను. ఇప్పుడు శాఖవారు కాగితము పంపవలెను.

ఇక ధర్మశాస్త్రము సంగతి. ఇంగ్లండులోని లాంకషైరున ఒక మిల్లు యజమాని 1860 ప్రాంతమున తన మిల్లు కొఱకు జలాశయము కట్టించెను. ఆ నేలక్రింద పూడిపోయిన పాతగనుల దారులున్నవని అతడెరుగడు. నీరు ఆ దారులవెంట పోయి పొరుగువాని బొగ్గుగనిని ముంచెను. 1868లో ప్రభువుల సభ ఇచ్చిన తీర్పు సారాంశమిది: అసహజమైన వినియోగమునకై ప్రమాదకర వస్తువును తన నేలపై ప్రోగుచేసినవాడు, అది బయటపడి పొరుగువానిని చెఱచినచో, తన తప్పు లేకున్నను నష్టము చెల్లించవలెను. రైలాండ్సు, ఫ్లెచరు వ్యాజ్యమని న్యాయవాదులు దీనిని నేటికిని తలచుచుందురు.

ఆ సిద్ధాంతము కొలది సంవత్సరములలోనే తెలుగునేలపై పరీక్షకు వచ్చెను. చిత్తూరు సీమలోని కార్వేటినగరము జమీనులో పెద్దవానలకు చెరువులు తెగి, మదరాసు రైల్వే కంపెనీవారి పట్టాలను కట్టడములను దెబ్బతీసెను. కంపెనీ జమీందారుపై దావా వేసెను. మదరాసు హైకోర్టులో ఓడి, లండనులోని ప్రివీ కౌన్సిలు వరకు పోయెను. నీరు ప్రోగుచేసినది నీవు, తెగినది నీ చెరువు, కావున నష్టము నీదే యని కంపెనీ వాదము. 1874లో కౌన్సిలు ఆ వాదమును త్రోసిపుచ్చెను. ఈ దేశమున చెరువు ఒకని సొంత విలాసము కాదు. అనాదిగా ప్రజల జీవనమునకు ఆధారమైన సేద్యపు ఏర్పాటులో నొక భాగము. జమీందారు దానిని పూడ్చివేయుటకు వీలులేదు. కాపాడి బాగుచేయించుట ఆతని విధి. అట్టివానిని, అజాగ్రత్త ఋజువు కానిదే, శిక్షింపరాదని కౌన్సిలు భావము.

నా మట్టుకు ఇది వివేకముగల తీర్పనియే తోచును. లాంకషైరు మిల్లుకుంటకు, మన ఊరిచెరువునకు భేదము కనిపెట్టుట లండనులో కూర్చున్నవారికి అంత సులువు కాదు. కాని నాడు వాది పెద్ద కంపెనీ. సముద్రము దాటి వ్యాజ్యమాడగల స్తోమత కలది. ఆ కంపెనీ ఓడిన సూత్రమే నేడు మన గొఱ్ఱెలకాపరి కెదురుగా నిలుచుచున్నది. కట్ట తెగినదని చూపుట చాలదు. కాపాడవలసినవారు కాపాడలేదని చూపవలెను. చెరువును రక్షించుటకై చెప్పిన మాట, చెరువు క్రింది మనిషికి బరువైనది.

నైజాము రాజ్యమున బరువు మరి రెండింతలు. 1948 వరకు ఇచ్చటి న్యాయస్థానముల భాష ఉర్దూ. పాలమూరు రైతు తన వ్యాజ్యమును తాను వినియు అర్థము చేసికొనలేడు. దావా, వకీలు, వకాలత్‌నామా వంటి మాటలు మాత్రము ఇంటిమాటలై మిగిలిపోయినవి.

ప్రతివాది ప్రభుత్వమైనచో? 1861లో కలకత్తాలో ఒక చిన్న వ్యాజ్యము విచారణకు వచ్చెను. కిదిరిపూరు ప్రభుత్వ నౌకాశాల కూలీలు మోసికొనిపోవుచున్న ఇనుపసామాను చప్పుడుతో పడగా, ఒక నౌకా కంపెనీవారి బండిగుఱ్ఱము బెదరి గాయపడెను. వ్యాపారివలె చేయు పనులలో ప్రభుత్వము సామాన్యునివలె బాధ్యత వహించవలెనని నాటి తీర్పు. రాజ్యాధికారపు పనులకు మాత్రము మినహాయింపు మిగిలెను. ఆ మినహాయింపు చాటున ప్రభుత్వములు చాలకాలము దాగినవి. 1994లో ఆంధ్రప్రదేశమునుండి పోయిన నాగేంద్రరావు కంపెనీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు దానిని చాలవరకు కుదించెను.

మనకు అన్నిటికంటె దగ్గరిది 1964లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన లాడ్వా వ్యాజ్యము. 1947లో పంజాబున పశ్చిమ యమునా కాలువకు గండిపడి ఒక సేద్యపు సంస్థ భూములు మునిగెను. కాలువ త్రవ్వుట ఈ దేశమున అసహజ వినియోగము కాదు, కావున లాంకషైరు సూత్రము వర్తించదనిరి. అయినను, చక్కగా కాపాడిన కాలువ తనంతట తెగదు. తెగుటయే అజాగ్రత్తకు సాక్ష్యము కాగలదనిరి. గండికి సంబంధించిన కాగితములు ప్రభుత్వము చూపకపోవుటయు దానికే ప్రతికూలమాయెను. పదునేడేండ్లు పట్టినది గాని, వాది గెలిచెను. 1966లో ఢిల్లీ చాందినీచౌకు గంటస్తంభము కూలి మరణించినవారి వ్యాజ్యమునను ఇదే తర్కము కనబడును. ఎనుబదియేండ్ల కట్టడమును పరీక్షింపకుండ విడిచిన పురపాలక సంస్థ, లోపము పైకి కనబడలేదని తప్పించుకొనలేకపోయెను.

పనివాని దారి వేరు. 2025 ఫిబ్రవరి 22న నాగరుకర్నూలు జిల్లా దోమలపెంట వద్ద శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగము కూలి ఎనిమిదిమంది చిక్కుకొనిరి. ఒక్కరును ప్రాణములతో బయటపడలేదు. పనిలో గాయపడినవానికి, మరణించినవాని కుటుంబమునకు, యజమాని అజాగ్రత్త ఋజువు చేయకయే పరిహారమిచ్చు సూత్రము 1923 నాటి శాసనముతో వచ్చినది. దేశమంతట ఆనకట్టలు కట్టిన పాలమూరు కూలీలకు ఆ శాసనము పేరైనను ఎందరికి తెలిసినదో! ఏమైనను, కట్టపై పనిచేయువానికి ఉన్న ఈ సౌకర్యము కట్టక్రింద నిదురించువానికి లేదు.

కావుననే వకీలుతో పని. గెలిచినదానిలో వాటా ఇచ్చెదనని వకీలును కుదుర్చుకొనుట అమెరికాలో చెల్లును. మనదేశమున 1954లోనే సుప్రీంకోర్టు దానిని వృత్తిదోషముగా నిర్ణయించెను. ఇందువలన బేరగాండ్ల బెడద తగ్గినది, నిజమే. చేత పైసలేనివాని తలుపు కూడ కొంత మూతపడినది. దానికి విరుగుడుగా రెండు దారులున్నవి. కోర్టు రుసుము చెల్లించలేనివాడు నిర్ధనుడుగా దావా వేయవచ్చును. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల శాసనము వరదబాధితులకు ఉచితముగా వకీలును సమకూర్చుచున్నది. గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలులకు 2022లో జిల్లా న్యాయస్థానములు వచ్చినవి గనుక, పాలమూరు దాక పోవలసిన అగత్యము లేదు.

ప్రభుత్వముపై దావాకు సాధారణముగా రెండునెలల ముందు నోటీసు పంపవలెను. మరణము సంభవించినచో 1855 నాటి శాసనము క్రింద రెండేండ్లలో దావా వేయవలెను. అనుభవజ్ఞుడైన వకీలు గాయమును చూచిన పిమ్మట మొదట అడుగునది కట్ట సంగతి: ఎన్నడు బాగుచేసిరి, ఎవరు పరీక్షించిరి, నీరు చెమ్మగిలుచున్నదని ఊరివారు అర్జీ పెట్టియుండిరా, దాని నకలున్నదా అని. 2005 నాటి సమాచారహక్కు శాసనము వచ్చినది గనుక, కార్యాలయపు మరమ్మతు పుస్తకముల నకలు స్వల్ప రుసుముతో కోరవచ్చును. లాడ్వా సంస్థకు ఆ వీలు లేదు.