ప్యూరిటన్ సమాజంలో పాపభారం

17వ శతాబ్దపు న్యూ ఇంగ్లండ్‌లో ప్యూరిటన్ల మధ్య తప్పు చేసినవారి బతుకు, ఆ తప్పు ఎంత పెద్దదన్న దానికన్నా అది బయటపడిందా లేదా అన్నదాన్నిబట్టి నడిచేది. 1630లో బోస్టన్‌లో స్థిరపడినవారు తమ జనమంతా దేవుడితో ఒడంబడిక చేసుకున్నారని నమ్మారు. ఒక్కరి పాపానికి ఊరంతటి మీదా దైవాగ్రహం విరుచుకుపడవచ్చు. కాబట్టి పొరుగింటి నడవడి మీద కన్నేసి ఉంచడం అక్కడ భక్తిలో భాగమే.

బయటపడ్డ తప్పుకు కొరడాదెబ్బలు, బొండకొయ్య, జరిమానా ఉండేవి. వ్యభిచారానికి పాల్పడినవారు బట్టల మీద రెండు అక్షరాలు కుట్టుకు తిరగాలని ప్లిమత్ వలసలో 1658లో చట్టమే చేశారు. అవమానం ఘోరమే, కానీ దానికొక ముగింపు ఉండేది. కెప్టెన్ జాన్ అండర్‌హిల్ 1640లో బోస్టన్ సంఘం ముందు వ్యభిచారం ఒప్పుకున్నాడు. సాకులు కలిపి చెప్పాడని సంఘం అతణ్ణి వెలివేసింది. సోకులకు పేరుపడ్డ ఆ మనిషి అదే ఏడాది మాసిన బట్టలతో, కళ్లదాకా లాక్కున్న టోపీతో వచ్చి, బల్లెక్కి ఏడ్చాక తిరిగి చేర్చుకున్నారు.

దాచుకున్న పాపానికి ఆ వెసులుబాటు లేదు. మోక్షం ఎవరికన్నది దేవుడు ముందే నిర్ణయించాడని సిద్ధాంతం. తానా జాబితాలో ఉన్నదీ లేనిదీ మనిషికి తెలిసే దారి లేదు. మైకేల్ విగిల్స్‌వర్త్ హార్వర్డ్‌లో పాఠాలు చెప్పే రోజుల్లో, విద్యార్థుల మీద తనకు కలిగే మోహాన్ని డైరీలో సంకేతలిపిలో రాసుకుని కుమిలిపోయాడు. తుది తీర్పు గురించి 1662లో అచ్చయిన ప్రసిద్ధ కావ్యం ఆయనదే. తనకు మోక్షం ఉందో లేదోనన్న సందేహాన్ని భరించలేని బోస్టన్ స్త్రీ ఒకామె పసిబిడ్డను బావిలో పడేసి, ఇక తనకు నరకం ఖాయమని తేల్చుకుందని గవర్నర్ జాన్ విన్‌త్రాప్ నమోదు చేశాడు.

నథానియల్ హాథార్న్ 1850 నాటి నవల 'ది స్కార్లెట్ లెటర్'లో ఈ రెండు స్థితులనూ పక్కపక్కన నిలిపాడు. అక్షరం ధరించిన హెస్టర్ నిలదొక్కుకుంటుంది; గౌరవం చెక్కుచెదరని పాదిరి డిమ్స్‌డేల్ లోలోపల చివికిపోతాడు. సేలం మంత్రగత్తెల విచారణలు జరిపిన జాన్ హాథార్న్ రచయితకు పూర్వీకుడు.

సేలంలోనే, నిజం ఒప్పుకున్నవారిని తిరిగి చేర్చుకునే ఈ ఏర్పాటు తలకిందులైంది. 1692లో మంత్రగత్తెనని అబద్ధంగా ఒప్పుకున్నవారికి ప్రాణాలు దక్కాయి. ఉరికంబమెక్కిన 19 మందీ చివరికి నేరం చేయలేదన్నవారే. తీర్పులిచ్చినవారిలో ఒకడైన శామ్యూల్ స్యూవల్ 1697లో, పాదిరి తన క్షమాపణ చదువుతుండగా సంఘమంతా చూసేలా లేచి నిలబడ్డాడు. బాల్యంలో ఎందరిమీదనో నింద మోపిన ఆన్ పట్నం 1706లో అదే పని చేసి సంఘంలో చేరింది. ముఖ్య న్యాయమూర్తి విలియం స్టౌటన్ మాత్రం ఏ తప్పూ ఒప్పుకోలేదు. 1701లో మరణించేనాటికి ఆయన తాత్కాలిక గవర్నర్.