కత్తిరించినా చెరగని పేర్లు

1786 ఏప్రిల్. స్కాట్లాండ్ పడమటి తీరాన ఎయిర్ పట్టణం. రాబర్ట్ ఎయికెన్ అనే లాయరు దగ్గరికి ఒక కాగితం చేరింది. ఆ కాగితం ఒక తాపీమేస్త్రీ కూతురిది. తానూ ఒక రైతుబిడ్డా ఆలుమగలమని ఇద్దరూ ఒప్పుకున్న రాత అది. చర్చిలో పెళ్లి కాలేదు. అప్పటికే ఆ పిల్ల కడుపుతో ఉంది.

సంగతి తెలిసిన రోజున తండ్రి మూర్ఛపోయాడని చెబుతారు. తేరుకున్నాక ఆయన ఏడుస్తూ కూర్చోలేదు. కాగితం కూతురి చేతిలోంచి లాయరు చేతికి వెళ్లింది. అందులోని రెండు పేర్లనూ కత్తిరించేశారు. పేర్లు పోతే పెళ్లి పోతుందని, పెళ్లి పోతే ఇంటిమీద పడ్డ మచ్చ కూడా పోతుందని ఆ తండ్రి నమ్మాడు.

ఆ కాగితం ఇప్పుడు లేదు. పేర్లు మాత్రం ఉన్నాయి. పదిపన్నెండు మైళ్ల అవతల, ఆ తండ్రి సొంత ఊరు మాఖ్లిన్‌లో, చర్చి పెద్దలు రాసుకున్న పుస్తకంలో భద్రంగా ఉన్నాయి. ఆ పిల్ల పేరు జీన్ ఆర్మర్. ఆ కుర్రవాడి పేరు రాబర్ట్ బర్న్స్.

1855 అనే గడప

స్కాట్లాండ్‌లో తాతముత్తాతల ఆచూకీ వెతికేవాళ్లందరూ 1855 జనవరి 1 దగ్గర ఒక్కసారి ఆగుతారు. ఆ రోజు నుంచి పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు రాయడం ప్రభుత్వం పని అయింది. అంతకు ముందు ఆ బాధ్యత చర్చిది. ఒక్కో చర్చి పరిధిని పారిష్ అంటారు. దాదాపు 900 పారిష్‌లు, ఒక్కోదానికి ఒక్కో రాతగాడు. చాలాచోట్ల ఊరి బడిపంతులే ఆ రాతగాడు. వాటిలో మిగిలిన పుస్తకాల్లోకెల్లా పాతది పెర్త్‌షైర్‌లోని ఎరల్ పారిష్‌ది. అది 1553లో మొదలవుతుంది.

ఈ పుస్తకాలు అడగ్గానే అన్నీ చెప్పవు. బాప్తిస్మం రాస్తారు, ఒక్కోసారి పుట్టిన తేదీ ఉండదు. పెళ్లి పుస్తకంలో ఉండేది చాలాసార్లు చర్చిలో చదివిన పెళ్లి ప్రకటన మాత్రమే. చావుల సంగతి మరీ అన్యాయం. శవపేటిక మీద కప్పే గుడ్డకు కట్టిన అద్దె పద్దును బట్టి, ఫలానావాడు ఫలానా నెలలో పోయాడని ఊహించుకోవలసిన పారిష్‌లు ఎన్నో. వీటికి తోడు 1783లో ప్రభుత్వం ఒక్కో పద్దుకు మూడు పెన్నీల పన్ను వేసింది. 1794లో ఎత్తేసేదాకా, ఆ డబ్బు కట్టడం ఎందుకని చాలామంది తమ పిల్లల పేర్లు రాయించడమే మానేశారు. మూడు పెన్నీల కోసం కొన్ని వంశాల్లో పదకొండేళ్లు చీకటైపోయాయి.

అదృష్టం బాగుండి పద్దు దొరికితే, అందులోని ఒక్కో మాటా ఒక్కో దారి చూపిస్తుంది. ఎయిర్ పారిష్ పుస్తకమే తీసుకోండి. అలోవే ఊళ్లో ఉండే విలియమ్‌కూ అతని భార్య ఆగ్నెస్‌కూ 1759 జనవరి 25న కొడుకు పుట్టాడని, మర్నాడే విలియమ్ డాల్‌రింపుల్ పాస్టరు బాప్తిస్మం ఇచ్చాడని అందులో ఉంది. సాక్షుల పేర్లూ ఉన్నాయి. తండ్రి తన ఇంటిపేరును 'బర్నెస్' అని రాసుకునేవాడు. పుస్తకం రాసినవాడు 'బర్న్స్' అని రాశాడు. ఒక్క అక్షరం తేడా చూసి ఈయన మావాడు కాదని పేజీ తిప్పేస్తే, వంశం అక్కడే తెగిపోతుంది.

ఇంకొక మేలు కూడా ఉంది. స్కాట్లాండ్ పుస్తకాల్లో ఆడమనిషి పెళ్లయినా పుట్టింటి పేరుతోనే కనిపిస్తుంది. జీన్ తల్లి తాపీమేస్త్రీ జేమ్స్ ఆర్మర్ భార్య. పెద్దల పుస్తకంలో ఆమె మేరీ స్మిత్. అందుకే అక్కడ వెతికేవాళ్లకు అమ్మమ్మల వైపు దారి మూసుకుపోదు.

పెయిస్లీకి పంపిన పిల్ల

పుట్టుకల పుస్తకం, పెళ్లిళ్ల పుస్తకం పక్కనే ప్రతి పారిష్‌లోనూ ఇంకొక పుస్తకం ఉండేది. పాస్టరూ సంఘపెద్దలూ కూర్చునే సభను కిర్క్ సెషన్ అంటారు. ఆ సభ నిర్ణయాలన్నీ అందులో రాసేవారు. ఊళ్లో పేదలకు సాయం చేసేది ఆ సభే. తప్పు చేసినవాళ్లను పిలిచి నిలదీసేదీ ఆ సభే. పెళ్లికాని పిల్ల కడుపుతో ఉంటే తండ్రి ఎవరని అడిగేవారు. అందులో పాపభీతి ఒక్కటే లేదు. తండ్రి తేలకపోతే ఆ బిడ్డను పోషించే భారం రేపు పారిష్ మీద పడుతుంది.

1786 ఏప్రిల్ 2. జీన్ ఆర్మర్ కడుపుతో ఉందని, ఊరు విడిచి వెళ్లిపోయిందని మాఖ్లిన్ పెద్దలకు తెలిసింది. అది నిజమే. తల్లిదండ్రులు ఆమెను పెయిస్లీలోని బంధువుల ఇంటికి పంపేశారు. ఇద్దరు పెద్దలను ఆర్మర్ ఇంటికి వెళ్లి మాట్లాడమన్నారు. ఒకరు జేమ్స్ లామీ, రెండోవాడు విలియమ్ ఫిషర్. ఈ ఫిషర్ కపట భక్తి మీద బర్న్స్ అంతకు ముందే ఒక పద్యం రాసి ఊళ్లో చేతులు మార్పించాడు.

వాళ్లలో లామీతో తల్లి మేరీ స్మిత్ మాట్లాడింది. కూతురి మీద తనకు అలాంటి అనుమానమేదీ లేదంది. అయినవాళ్లను చూడ్డానికి పెయిస్లీ వెళ్లింది, త్వరలోనే వచ్చేస్తుంది అంది. లామీ విన్నాడు. విన్నది విన్నట్టు పుస్తకానికి ఎక్కింది.

అక్కడ ఆగి ఆ తల్లి గురించి ఆలోచించాలనిపిస్తుంది. పదకొండుమంది బిడ్డల్ని కన్న మనిషి. భర్త ఊళ్లో పేరున్న మేస్త్రీ. గుమ్మంలో నిలబడ్డ లామీతో ఆమె ఆడింది అబద్ధమే కావచ్చు. కానీ ఆ ఒక్క అబద్ధంతో బిడ్డను కాచుకోవాలని చూసిన అమ్మ మనకు అక్కడ కనిపిస్తుంది. పుట్టుకల పుస్తకంలో ఆమె పేరు మాత్రమే ఉంటుంది. ఆమె మనసు దొరికేది ఈ పుస్తకంలోనే.

మూడు ఆదివారాలు

జూన్‌లో జీన్ ఊరికి తిరిగొచ్చింది. సభకు రమ్మంటే రాలేదు. జూన్ 13 తేదీతో పాస్టరు విలియమ్ ఆల్డ్‌కు ఉత్తరం పంపింది. నా వల్ల మీకు కలిగిన శ్రమకు బాధపడుతున్నాను, నేను కడుపుతో ఉన్న మాట నిజం, మోస్‌గీల్ పొలంలో ఉండే రాబర్ట్ బర్న్స్ ఆ బిడ్డ తండ్రి అన్నది దాని సారాంశం. ఆ ఉత్తరాన్ని రాతగాడు పుస్తకంలోకి ఎక్కించాడు. తండ్రి పేర్లు కత్తిరించిన రెండు నెలలకు కూతురు అవే రెండు పేర్లను మళ్లీ ఒక్కచోట చేర్చింది.

బర్న్స్ కూడా వచ్చి ఒప్పుకున్నాడు. అప్పటి నియమం ప్రకారం మూడు ఆదివారాలు సంఘమంతా చూస్తుండగా నిలబడి చీవాట్లు తినాలి. పశ్చాత్తాప పీట మీద కాకుండా తన చోటనే నిలబడడానికి బర్న్స్‌కు ఆల్డ్ అనుమతి ఇచ్చాడు. జీన్ అతను తన పక్కన నిలబడాలని కోరుకుంది. అది జరగలేదు.

అదే వేసవిలో బర్న్స్ మీద ఇంకొక పిడుగు పడింది. బిడ్డ పోషణకు డబ్బు రాబట్టడానికి జేమ్స్ ఆర్మర్ కోర్టును ఆశ్రయించాడు. జమైకా పారిపోవాలని బర్న్స్ నిశ్చయించుకున్నాడు. జులై 22న తన ఆస్తిపాస్తులన్నీ తమ్ముడు గిల్బర్ట్‌కు రాసిచ్చేశాడు. జులై 31న కిల్మార్నక్‌లో అతని మొదటి కవితల పుస్తకం అచ్చయి బయటికొచ్చింది. 612 ప్రతులు, ఒక్కోటి మూడు షిల్లింగులు. స్కాట్లాండ్ తన జాతీయకవిగా కొలిచే మనిషి లోకానికి తెలిసింది ఆ రోజే.

ఆ తర్వాతి ఆదివారమే ఆగస్టు 6. మాఖ్లిన్ చర్చిలో అయిదుగురు తలలు వంచుకుని నిలబడ్డారు. బర్న్స్, జీన్, ఇంకో ముగ్గురు. ఆల్డ్ చీవాట్లు పెట్టి, అందరి తప్పునూ కొట్టేశాడు. బర్న్స్‌కు ఇక పెళ్లికానివాడని చెప్పుకునే వీలు దొరికింది. పుస్తకంలో మిగతా ముగ్గురి పేర్లూ అతని పేరు పక్కనే, అదే సిరాతో, అంతే గౌరవంతో, అంతే అగౌరవంతో ఉన్నాయి. కవి అని ఒక అక్షరం ఎక్కువ లేదు.

సెప్టెంబరు 3న జీన్‌కు కవలలు పుట్టారు. కొడుక్కి రాబర్ట్, కూతురికి జీన్. ఇక్కడ కూడా అవే రెండు పేర్లు. ఆ పిల్లవాణ్ణి మోస్‌గీల్‌కు తీసుకెళ్లారు. ఆడపిల్ల తల్లి దగ్గర ఉంది. మరుసటి ఏడాదే ఆ పాప కన్నుమూసింది.

ఒక గినీ

అచ్చయిన పుస్తకం బర్న్స్‌ను జమైకాకు బదులు ఎడిన్‌బరాకు నడిపించింది. పేరొచ్చింది. 1787లో ఊరికి తిరిగొచ్చిన అతనికి ఆర్మర్ ఇంటి తలుపు తెరుచుకుంది. జీన్ మళ్లీ కడుపుతో ఉంది. ఆ తలుపు ఈసారి ఆమెకే మూసుకుపోయింది. తెలిసినవాళ్ల మిల్లు దగ్గర తలదాచుకుంది. 1788 మార్చిలో మళ్లీ కవలలు, ఇద్దరూ ఆడపిల్లలు. ఆ నెల దాటకుండానే ఇద్దరూ పోయారు. ఇరవైమూడేళ్ల వయసుకు నలుగురిని కని, ముగ్గురిని మట్టికిచ్చిన తల్లి ఆమె.

ఆ వసంతంలో బర్న్స్ ఆమెను భార్యగా ఒప్పుకున్నాడు. అప్పటి స్కాట్లాండ్ చట్టంలో పెళ్లికి పాస్టరు అక్కర్లేదు. ఇద్దరూ మనసారా ఒప్పుకుంటే చాలు, అది పెళ్లే. చర్చి దాన్ని క్రమం తప్పిన పెళ్లి అనేది గానీ, చెల్లదని అనలేకపోయేది. ఆ రకం పెళ్లి 1940 దాకా చెల్లింది. అలాంటి జంటలు ప్రకటనల పుస్తకంలో దొరక్క, వెతికేవాళ్లు నిరాశతో వెనుదిరుగుతుంటారు. వాళ్లకు దారి దొరికేది మళ్లీ పెద్దల పుస్తకంలోనే.

1788 ఆగస్టు 5. బర్న్స్, జీన్ మాఖ్లిన్ సభ ముందుకు కలిసి వచ్చారు. తమది క్రమం తప్పిన పెళ్లేనని, అందుకు చింతిస్తున్నామని, దాన్ని సంఘం ఖాయం చేయాలని అడిగారు. పెద్దలు ఇద్దరినీ మందలించారు. బతికున్నంతకాలం ఒకరికొకరు నమ్మకంగా ఉంటామని మాట తీసుకున్నారు. పేదల నిధికి జరిమానా వసూలు చేసే హక్కు సభకు ఉంది. ఎంతన్నది బర్న్స్ మంచితనానికే వదిలేశారు. అతను ఒక గినీ ఇచ్చాడు.

ఆ పద్దు చదివినప్పుడు నా మనసు గినీ మీద నిలవదు, ఆ పేర్ల మీదే నిలుస్తుంది. రెండేళ్ల కిందట కత్తికి తెగిన పేర్లు. అదే పుస్తకంలో తప్పు చేసినవాళ్ల వరసలో నిలబడ్డ పేర్లు. అదే పాస్టరు, అదే ఊరు. ఇప్పుడవి ఆలుమగల పేర్లు.

వెనక్కి నడిచే దారి

వాళ్లకు పుట్టినవాళ్లు మొత్తం తొమ్మిదిమంది. 1796 జులై 21న డమ్‌ఫ్రీస్‌లో బర్న్స్ పోయాడు. అతన్ని సమాధి చేసిన జులై 25నే జీన్ ఆఖరి కొడుకు మాక్స్‌వెల్‌ను కన్నది. ఎదిగొచ్చిన కొడుకుల్లో విలియమ్ నికల్, జేమ్స్ గ్లెన్‌కేర్న్ ఇద్దరూ ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరారు. విలియమ్ పనిచేసింది మద్రాసు సైన్యంలో. మన తెలుగు నేలలో చాలా భాగం అప్పటికి ఆ మద్రాసు కిందే ఉండేది.

ఈ పిల్లల మధ్య ఇంకో పిల్ల పెరిగింది. 1791లో డమ్‌ఫ్రీస్ సత్రంలో పనిచేసే ఆన్ పార్క్‌కు బర్న్స్ వల్ల పుట్టిన ఎలిజబెత్. జీన్ కన్న విలియమ్‌కూ ఆ పిల్లకూ తొమ్మిదే రోజుల తేడా. ఆ పిల్లను కూడా జీన్ తన దగ్గరే పెట్టుకుని పెంచింది. ఊరంతటి ముందు నిలబడి చీవాట్లు తిన్న మనిషి ఇంకొకరి బిడ్డను వేలెత్తి చూపించలేదు. ఎలిజబెత్ 1873 దాకా బతికింది. ఆమె సంతతివాళ్లు వెతకడం మొదలుపెడితే, 1855 గడపకు ఇవతలి మరణ పత్రం నుంచి అవతలి చర్చి పుస్తకాల్లోకి మెట్టుమెట్టుగా వెనక్కి నడవాలి.

ఆ నడకకు ఇప్పుడు అంత శ్రమ అక్కర్లేదు. పారిష్ పుస్తకాలు స్కాట్లాండ్ జాతీయ పత్రాలయం సంరక్షణలో ఉన్నాయి. 2021 నుంచి పెద్దల సభల పుస్తకాల ప్రతులను కూడా ఎక్కడివాళ్లయినా ఇంట్లో కూర్చుని తెరమీద చూసుకోవచ్చు. బర్న్స్ గురించి చెప్పడానికి కవిత్వం ఉంది, జీవితచరిత్రలు ఉన్నాయి. ఆ ఆదివారం అతని పక్కన నిలబడ్డ మిగతావాళ్ల కోసం, పాలుపితికిన పనిపిల్లల కోసం, నేత నేసిన కుర్రాళ్ల కోసం ఉన్నది ఆ పుస్తకం ఒక్కటే. వాళ్ల నోటి మాటను ఇంకెవరూ రాసిపెట్టలేదు.

తమ ఇంటి పేరు అక్కడ కనిపిస్తే కొందరు సిగ్గుపడి పేజీ మూసేస్తారు. వంశవృక్షంలోంచి ఆ కొమ్మను కత్తిరించేస్తారు. జేమ్స్ ఆర్మర్ చేసిన పని అదే. దయచేసి అలా చేయకండి. ఆ పేజీ రాసినవాళ్లు తప్పు రాస్తున్నామనుకున్నారు. కానీ జీన్ పేరు మన దాకా మోసుకొచ్చింది ఆ పేజీయే. ఆమె సిగ్గుపడకుండా రాసి పంపిన పేర్లను చదవడానికి మనమెందుకు సిగ్గుపడాలి?