రిజిస్టరులో సున్నా వేసిన ఏడు

మా గుడి కట్టి 60 ఏళ్లు నిండుతున్న సందర్భంగా ప్రత్యేక సంచిక వేస్తున్నామనీ, సంఘ చరిత్ర నువ్వే రాయాలనీ కమిటీ పెద్దలు కబురు పెట్టారు. ఈ గుడి అరుగు మీదే అక్షరాలు దిద్దుకుని పంతులమ్మనైనదాన్ని. కాదనడానికి నోరెలా వస్తుంది? పాత రిజిస్టర్లు, కానుకల లెక్కలు, కమిటీ వారు ముందే రాసి ఉంచిన చిత్తుప్రతి అన్నీ తెచ్చిచ్చారు. వాటిలో ఉన్నదీ, లేనిదీ కూడా రాస్తున్నాను.

గుడికి 60 ఏళ్లే గానీ సంఘం అంతకన్నా పాతది. 1903లో తిరునల్వేలి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషులతో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకున్నారు. ఆ సొసైటీ సేవకు ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని మన డోర్నకల్ ప్రాంతం. ఆ సొసైటీ స్థాపకుల్లో ఒకరైన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు 1909లో గురువుగా అభిషేకం పొంది ఇక్కడికే వచ్చేశారు. తమిళ దేశంలో ఒక పల్లెటూరి అయ్యగారి కొడుకు ఆయన. మన మాట నేర్చుకుని, మన వాడల్లో తిరిగారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయనకు బిషప్పుగా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్పు కావడం అదే మొదలు. తెల్లవాళ్లే పెద్దలుగా ఉన్న కాలంలో, ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషుల కోసం ఒక నల్ల బిషప్పు వచ్చాడంటే మా ముత్తాతలకు అది ఎంత ధైర్యమిచ్చిందో ఈనాటి పిల్లలకు చెప్పి ఒప్పించలేం.

డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్‌ను మేము పెద్దగుడి అంటాం. అది కట్టడానికి పాతికేళ్లు పట్టింది. 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడే ప్రతిష్ఠ చేశారు. గుమ్మటాలు, మినార్లు, రాతి స్తంభాలు, పైన సిలువ. ఈ నేల మీద ఉన్న అన్ని రకాల కట్టడాల పోలికలూ అందులో కనిపిస్తాయి. అజరయ్యగారు 1945 జనవరి 1న కన్నుమూశారు. ఆయన అంతగా కోరుకున్న ఐక్యత 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో జరిగింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి దక్షిణ ఇండియా సంఘం అయ్యారు. బిషప్పు పాలన, ప్రార్థన పుస్తకం వరుస, పండుగల పట్టిక మాకు అలాగే నిలిచాయి. నంద్యాల వైపు ఆంగ్లికన్లు చాలామంది అప్పుడు కలవలేదు, 1975లో గానీ రాలేదు. మా ఊరికి ఆ చీలిక సెగ తగల్లేదు.

మాకు సంఘం అంటే బిషప్పుగారు కాదు, పాస్టరయ్యగారు కూడా కాదు. ఇరవై ఊళ్ల పాస్టరేటులో అయ్యగారు నెలకోసారి వచ్చి సంస్కారం ఇచ్చి వెళ్లేవారు. మిగతా రోజులన్నీ ఉపదేశి తాతవే. డోర్నకల్‌లో శిక్షణ పొంది, భుజాన సంచితో మా వాడకు వచ్చి, తాటికమ్మల పాకలో బడి పెట్టినవాడు ఆయన. పగలు పిల్లలకు పలక, రాత్రి పెద్దలకు లాంతరు వెలుగులో ప్రార్థన. చదువురాని మా నాయనమ్మ విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు, సగం కీర్తనల పుస్తకం ఆయన నోటి నుంచి విని కంఠస్థం చేసింది. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు ఆయన ఎత్తుకుంటే డప్పు దానంతటదే వచ్చి కలిసేది. ఎవరినీ "ఒరే" అనేవాడు కాదు. దొరల గడీలో "ఒరే" అనిపించుకుని వచ్చినవాణ్ణి గుడి గుమ్మంలో "రావయ్యా" అని పిలిచేవాడు. మా వాడ మనుషులకు సువార్త ముందు ఆ పిలుపులోనే వినబడిందని నా నమ్మకం.

పండుగల పట్టికను పొలం పనులతో ఎలా కలపాలో ఆయనకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు. శ్రమదినాలు సరిగ్గా మిరప తోటలు ఏరే రోజుల్లో వస్తాయి. సాయంత్రం ప్రార్థనకు ఆడవాళ్లు రాలేరు, చేతులు మంట, నడుము విరిగిన అలసట. అందుకని ఆ నలభై రోజులూ గంట తెల్లవారుజామున కొట్టేవాడు. కూలికి పోయే దారిలో ఆగి, ఒక కీర్తన, ఒక పాఠం, ప్రభువు ప్రార్థన విని పోయేవాళ్లం. మట్టలాదివారం ఈత మట్టలు పట్టుకుని చెరువు కట్ట మీదుగా ఊరేగింపు. మంచి శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటల ఆరాధనకు మా వాళ్లే కాదు, పై వీధి ముసలమ్మలు కూడా వచ్చి గోడవార కూర్చునేవారు. ఈస్టరునాడు చీకటితోనే సమాధుల దగ్గరికి వెళ్లేవాళ్లం.

మృగశిర కార్తెకు ముందు ఆదివారం ప్రతి ఇంటి నుంచీ చేటలో విత్తనాలు తెచ్చి బల్ల ముందు పెట్టేవారు. జొన్న, పెసర, కంది, వడ్లు. ప్రార్థన చేయించుకుని తీసుకెళ్లి పాత విత్తనంలో కలుపుకునేవారు. నవంబరు 2న సమాధుల పండుగ. ఆగమన కాలం రాగానే బల్ల మీద ఊదారంగు గుడ్డ పరచడం, వరికోతలు మొదలవడం ఒకేసారి. క్రిస్మస్‌కు సున్నం, మామిడి తోరణాలు, వెదురు బద్దల నక్షత్రం. రాత్రంతా ఇల్లిల్లూ తిరిగి పాడితే ప్రతి గుమ్మంలో ఒక అరిసె. జనవరి ఆరుకు బండ్లు కట్టుకునో, ప్యాసింజరు బండి పట్టుకునో పెద్దగుడికి ప్రయాణం.

కల్లాలు ఎత్తాక కోత పండుగ. గుమ్మడికాయలు, కోళ్లు, గుడ్లు, కొత్త బియ్యం, చెరకు గడలు గుడి నిండా పోగుపడేవి. ఆరాధన అయ్యాక వేలంపాట. మా నాన్న ఒక ఏడాది తాను కానుకగా ఇచ్చిన పుంజునే తిరిగి వేలంలో రెట్టింపు ధరకు పాడుకున్నాడు. ఆ డబ్బు గుడి గోడల్లోకి వెళ్లింది.

గుడి కట్టడం గురించి చెప్పాలి. పాక స్థానంలో రాతి గోడలు లేవడానికి నాలుగేళ్లు పట్టిందని పెద్దలు చెప్పేవారు. దాతల పేర్లు కమిటీ వారు వేరే పేజీలో అచ్చు వేస్తున్నారు కనుక ఇక్కడ వారి కానుకలే చెబుతాను. స్థలం ఇచ్చింది మన మతం కాని ఒక రైతు. బెంగుళూరు పెంకులు ఇచ్చింది సింగరేణి గనుల్లో పనిచేసిన మా ఊరి కార్మికులు, చందా వేసుకుని. దూలాలు వడ్లవారు సగం కూలికే చెక్కి ఇచ్చారు. డంగు సున్నం తొక్కింది మా వాడ ఎద్దులు. షాబాద్ బండలు ఒక రైల్వే ఉద్యోగి. గంట పాస్టరేటు. పెట్రోమాక్సు లైట్లు ఒక కంపౌండరు. హార్మోనియం, బల్ల గుడ్డ, సంస్కారపు గిన్నె, జంపఖానాలు, తర్వాతి కాలంలో ఫ్యాన్లు, మైకు సెట్టు, ప్రహరీ గోడ, గేటు ఇచ్చిన అందరికీ సంఘం తరఫున వందనాలు. గంట కొట్టినవారు, దీపం పెట్టినవారు, ఆదివారపు బడి చెప్పినవారు, కొత్తగా కాన్పైన ఇళ్లకు వెళ్లి ప్రార్థించిన బైబిలు అమ్మ, వీరెవరినీ మరవలేం.

ఇక పిడికెడు బియ్యం సంగతి. డోర్నకల్ మేత్రాసనంలో ప్రతి క్రైస్తవ ఇంట్లో ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి దేవుని పేర పక్కన పెట్టే అలవాటును అజరయ్యగారు నేర్పారు. ఆయన భార్య అన్బు అమ్మగారు స్త్రీలలో చేసిన పని కూడా అందులో ఉంది. ఆయనకు ఇవ్వడమంటే ఉన్నవాళ్ల పని కాదు, అందరి పని. మా ఊళ్లో ఆ బియ్యం శనివారం డబ్బాలో పోగయ్యేది. అమ్మి, ఆ డబ్బు రిజిస్టరులో రాసి పాస్టరేటుకు పంపేవారు. ఉపదేశి జీతం దానిలో నుంచే తిరిగొచ్చేది.

1972లో వానలు లేవు. చెరువు నెర్రెలిచ్చింది. మగవాళ్లు కొందరు కృష్ణా జిల్లా కోతలకు, కొందరు కొత్తగూడెం వైపు వెళ్లిపోయారు. ఇంట్లో మిగిలిన ఆడవాళ్లు, ముసలివాళ్లు, మేము. జొన్న గటక పలచబడి అంబలైంది, అంబలి కూడా ఒక పూటకే వచ్చింది. చెంచలికూర, తుమ్మికూర ఏరుకొచ్చి ఉడికించుకున్నాం. ఆ రోజుల్లో కూడా మా అమ్మ పిడికెడు తీసింది. బియ్యం లేకపోతే జొన్నలు, జొన్నలు లేకపోతే నూకలు. పిడికిలి చిన్నదైంది గానీ ఆగలేదు. వాడంతా అంతే.

ఉపదేశి తాత ఆ ధాన్యాన్ని అమ్మకానికి పంపలేదు. గుడిలో ఒక గుమ్మిలో పోయించాడు. సాయంత్రం ప్రార్థన అయ్యాక బైబిలు అమ్మ, మా అమ్మ, ఇంకొందరు కూర్చుని, ఆ రోజు పొయ్యి వెలగని ఇళ్లేవో చెప్పుకునేవారు. సోలతో కొలిచి, కొంగులో కట్టుకుని, చీకటి పడ్డాక వెళ్లి ఇచ్చేవారు. పగలు ఇస్తే తీసుకునేవాళ్లు తల వంచుకోవాలి కదా. క్రైస్తవుల ఇళ్లకే కాదు, కుమ్మరి ఇంటికి, పై వీధిలో ఒక వితంతువు ఇంటికి కూడా వెళ్లింది ఆ సోల. ఎవరికిచ్చారో ఎక్కడా రాయలేదు. రాయవద్దని తాతే అన్నాడు. అమ్మింది లేదు కనుక పాస్టరేటుకు డబ్బు పోలేదు, తాతకు జీతం రాలేదు. చెరువు పూడిక తీసే కరువు పనికి ఆయన తట్ట పట్టుకుని వెళ్లడం నేను కళ్లారా చూశాను. సాయంత్రం స్నానం చేసి, అదే తెల్ల పంచె కట్టుకుని గంట కొట్టేవాడు.

ఏడాది చివర లెక్కలు చూడటానికి వచ్చిన పెద్దమనిషి కానుకల వరుసలో సున్నా చుట్టి, పక్కన ఎర్ర సిరాతో ఒక ముక్క రాశాడు: సంఘం బలహీనముగా ఉన్నది. తాత ఏమీ అనలేదు. ఆయన బతికున్నన్నాళ్లూ ఆ మాట ఎత్తలేదు.

1980 తర్వాత పాతికేళ్లకు చెప్పుకోదగ్గ విశేషాలు లేవు. పెంకులు పోయి స్లాబు వచ్చింది. తాత తర్వాత ఉపదేశి పోస్టు నిండలేదు.

కమిటీ వారి చిత్తుప్రతిలో "1972-73లో సంఘం బలహీనపడి, తరువాత పుంజుకున్నది" అని ఉంది. పాత రిజిస్టరు చూసి రాసిన వాక్యం, వారి తప్పు కాదు. కానీ ఆ వాక్యం అచ్చు కావడానికి నేను ఒప్పుకోను. మా సంఘం అంత బలంగా ఉన్న ఏడు దానికి ముందు లేదు, తర్వాతా లేదు. గుడి ముందరి శిలాఫలకం మీద రాయి వేసినవారి పేర్లు, డబ్బిచ్చినవారి పేర్లు ఉన్నాయి. అందులో ఒక్క ఆడమనిషి పేరు లేదు. నేడు కమిటీలో స్త్రీల మైత్రి తరఫున ఒక్కరే కూర్చుంటారు, వంటల లెక్క వచ్చినప్పుడే వారి మాట అడుగుతారు. 2013 సెప్టెంబరులో ఎగ్గోని పుష్పలలితగారు నంద్యాల బిషప్పు అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలోనే తొలి మహిళా బిషప్పు. అప్పుడు మా గుడిలో కూడా చప్పట్లు కొట్టి స్తుతి కీర్తన పాడాం. ఆ ఆదివారమే కమిటీలో స్త్రీలకు ఇంకో రెండు చోట్లు ఇమ్మని అడిగాం, ఇప్పటికీ జవాబు లేదు.

ఆనాడు సోల పట్టి కొలిచినవారిలో ముగ్గురు ఇంకా ఉన్నారు. వారి ఇళ్లకు వెళ్లి, చెప్పింది చెప్పినట్టు రాసుకుని, చదివి వినిపించి, వేలిముద్రలు వేయించి కమిటీకి ఇచ్చాను. 1972 పేజీకి దాన్ని అతికించి, ఎర్ర సిరా ముక్క కింద సంఘ తీర్మానం రాయాలని, శిలాఫలకం పక్కన బైబిలు అమ్మతో మొదలుపెట్టి ఆ స్త్రీల పేర్లు చెక్కించాలని కోరాను. పండుగ అయ్యాక చూద్దామన్నారు. పండుగ అయిన మరుసటి ఆదివారం కమిటీ కూర్చుంటుంది. ఆ ముగ్గురినీ తీసుకుని నేనూ వెళ్తున్నాను.