ఆహారమా, మాత్రయా?

క్యారెట్ దుంపకును, గుమ్మడిపండునకును ముచ్చటయైన రంగునిచ్చు పదార్థమొకటి కలదు. దాని పేరు బీటా కెరోటిన్. తోటకూరలోను, మునగాకులోను కూడ అది సమృద్ధిగా ఉన్నది. కాని ఆకుపచ్చదనము చాటున దాగియుండుటచే మన కంటికి కానరాదు. ఈ పదార్థపు చరిత్రను శ్రోతలకు మనవిచేయ దలచితిమి. మంచిదని నమ్ముటకును, మంచిదని రుజువగుటకును నడుమ ఎంత దూరమున్నదో ఈ కథ తెలుపును.

1831లో జర్మను శాస్త్రజ్ఞుడు వాకెన్‌రోడర్ క్యారెట్ నుండి ఈ వర్ణద్రవ్యమును వేరుచేసెను. నూరేండ్ల పిమ్మట స్విట్జర్లండులో పాల్ కారర్ దాని అణునిర్మాణమును నిర్ణయించెను. శరీరము దీనిని విటమిన్ ఏగా మార్చుకొనుననియు ఆ కాలముననే తేలినది.

1956లో అమెరికాలో డెన్‌హామ్ హార్మన్ ఒక సిద్ధాంతమును ప్రకటించెను. ప్రాణవాయువును వినియోగించుకొనునపుడు శరీరమున పుట్టు ఫ్రీ రాడికల్స్ అను చురుకైన అణువులు కణములను దెబ్బతీయుటయే వార్ధక్యమునకు మూలమని ఆయన ఊహ. వీటిని అణచు పదార్థములే యాంటీ ఆక్సిడెంట్లు. బీటా కెరోటిన్‌ను కూడ పరిశోధకులు వాటిలో చేర్చిరి. కూరలు, పండ్లు విరివిగా తినువారికి క్యాన్సరు తక్కువగా వచ్చుచున్నదని పరిశీలనలు తెలుపుచుండెను. ఇది బీటా కెరోటిన్ మహిమయేనా అని 1981లో రిచర్డ్ పీటో, రిచర్డ్ డాల్ ప్రభృతులు ప్రశ్నించి, పరీక్షించి చూడవలెననిరి.

ఆ పరీక్ష 1985లో ఫిన్లాండులో ఆరంభమయ్యెను. 50 మొదలు 69 ఏండ్ల వయస్సుగల 29,133 మంది పొగత్రాగు పురుషులు స్వచ్ఛందముగా అందు పాల్గొనిరి. కొందరికి దినమునకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్, కొందరికి విటమిన్ ఇ, కొందరికి ఆ రెండును, తక్కినవారికి మందులేని మాత్ర ఇచ్చిరి. ఎవరికేది అందుచున్నదో వైద్యునకును తెలియదు, వాడువానికిని తెలియదు. 1994లో ఫలితము వెలువడెను. బీటా కెరోటిన్ మ్రింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గకపోగా, నూటికి 18 వంతులు అధికమయ్యెను. కంచెయే చేను మేసిన చందమయినది!

ఇది కేవలము యాదృచ్ఛికమని కొందరు తలచిరి. కాని అమెరికాలో పొగత్రాగువారు, మానినవారు, ఆస్‌బెస్టాస్ పనివారు మొత్తము 18,314 మందిపై జరుగుచుండిన మరియొక పరీక్షలోను అట్లే అయ్యెను. బీటా కెరోటిన్, విటమిన్ ఏ కలిపి మ్రింగినవారిలో ఆ క్యాన్సరు నూటికి 28 వంతులు ఎక్కువయ్యెను. 1996 జనవరిలో, గడువునకు 21 నెలల ముందుగనే, ఆ మాత్రలను నిలిపివేసిరి.

పొరపాటెక్కడ? కూరలు తినువారి ఆహారమున ఈ ఒక్క పదార్థమే కాక పెక్కులుండును. వారి అలవాట్లును వేరు. పైగా, పొగతో నిండిన ఊపిరితిత్తులలో అధికమైన మోతాదు విపరీతముగా పనిచేసి యుండవచ్చునని శాస్త్రజ్ఞుల వివరణ. గుండెజబ్బు, క్యాన్సరుల నివారణకై ఈ మాత్రలను వాడవలదని అమెరికా నివారణ వైద్య నిపుణుల మండలి 2022లో మరల హెచ్చరించినది.

కావున క్యారెట్‌ను మనము శంకింప నక్కరలేదు. ఈ పరీక్షలు కూరగాయలను తప్పుపట్టలేదు. మునగాకు పప్పును నిశ్చింతగా భుజింపవచ్చును. సీసాలలో అమ్మకమునకు వచ్చు సారముల విషయముననే వైద్యుని సలహా అవసరము. ఇక పొగత్రాగుట మానుటకు బదులుగా పనిచేయు మాత్ర ఇంతవరకు లేదు. ఈ సంగతి మనకు తెలియజేసినవారు ఫిన్లాండులోను, అమెరికాలోను తమ దేహములను పరీక్షకు ఒప్పగించిన ఆ వేలాది సామాన్యులు. వారికి మనమందరము ఋణపడి యున్నాము.