మన పెద్దల కాలపు వెండి డాలరు

మలేసియాలోని మన తెలుగు ఇళ్ళలో పాత పెట్టె తెరిస్తే ఒక్కొక్కచోట ఇప్పటికీ ఒకటి రెండు వెండి డాలర్లు కనబడతాయి. లేనివారు పూర్వీకుల జ్ఞాపకంగా ఒకటి కొనాలని దుకాణాలలో వెతుకుతారు. కొనడం మంచిదే. కాని ఆ నాణెం చరిత్ర తెలియకపోతే నకిలీని అసలనీ, అసలును నకిలీ అనీ పొరబడతాము.

మన పెద్దలు విశాఖపట్నం, గంజాం జిల్లాల నుండి ఒప్పందపు కూలీలుగా తోటలకు వచ్చిన రోజులలో ఇక్కడ రకరకాల డాలర్లు చెల్లేవి. మెక్సికో డాలరు ఉండేది. 1895 నుండి బ్రిటిష్ వర్తక డాలరు వచ్చింది. దానిమీద త్రిశూలం పట్టి నిలుచున్న బ్రిటానియా బొమ్మ ఉంటుంది. త్రిశూలం నడిమి ముల్లు మీద చిన్న 'బి' అక్షరం ఉంటే అది బొంబాయి టంకశాలలో ముద్రించినది. 1903లో స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్ ప్రభుత్వం ఏడవ ఎడ్వర్డు రాజు బొమ్మతో సొంత డాలరు తెచ్చింది. మొదట అదీ బొంబాయిలోనే తయారైంది. మన పెద్దలవలెనే అదీ ఇండియా నుండి ఓడలో వచ్చినదే.

1906లో ఈ డాలరు విలువను 2 షిల్లింగుల 4 పెన్సులుగా స్థిరపరచారు. అప్పటికి వెండి ధర పెరుగుతున్నది. నాణెం విలువకన్న అందులోని వెండి విలువ ఎక్కువైతే జనం దానిని కరిగిస్తారు. అందుకే 1907లో అదే రాజు బొమ్మతో చిన్న డాలరు ముద్రించారు. 1910లో ఒప్పందపు కూలీ పద్ధతి రద్దయ్యేనాటికి చెలామణిలో ఉన్నది ఈ చిన్నదే. వెండి ధర మళ్ళీ పెరగడంతో 1919లో అయిదవ జార్జి డాలరులో వెండి పాలు కూడా తగ్గించారు.

కొనేముందు ఈ లెక్కలు గుర్తుంచుకోవాలి. 1903, 1904 డాలరు 26.95 గ్రాములు, 1907 మొదలు 1909 వరకు 20.21 గ్రాములు; ఈ రెండింటిలోను నూటికి 90 పాళ్ళు వెండి. 1919, 1920 డాలరు 16.85 గ్రాములు, వెండి సగమే. వర్తక డాలరు బరువు కూడా 26.95 గ్రాములే. కనుక చిన్నగా ఉన్నదని 1907 డాలరును తోసివేయరాదు. సంవత్సరం చూసి, ఆపైన త్రాసులో తూచాలి. అరిగినది కొంచెం తగ్గవచ్చు. బాగా తగ్గితే అనుమానించాలి. అయస్కాంతానికి అంటుకుంటే అది వెండి కాదు. అంచు చుట్టూ పళ్ళు సమంగా ఉన్నవా, అతుకు గీత ఉన్నదా అని చూడాలి. మలయా భాషలో 'రింగిట్' అన్న మాటే ఈ పళ్ళ అంచు నుండి పుట్టింది.

తరువాత భూతద్దంతో రాజు కిరీటం, చెవి మీది జుట్టు చూడాలి. ముందుగా అరిగేవి ఎత్తయిన భాగాలే. అవి స్పష్టంగా ఉంటే సేకరించేవారు వెండి ధరకు మించి ఇస్తారు. కొక్కెం అతికినది, రంధ్రం పొడిచినది, కొక్కెం తీసి సానపట్టినది అయితే ధర పడిపోతుంది. పాత వర్తక డాలర్లమీద చీనా షరాబుల ముద్రలుంటాయి. అవి వెండిని పరీక్షించిన గుర్తులు; వాటివలన నాణెం నకిలీ కాదు.

మరొక మాట. పండుగ పూజకు మన ఇళ్ళలో వెండిని చింతపండుతోను, బూడిదతోను తోముతాము. గిన్నెకు అది మంచిదే, నాణేనికి కాదు. ఏళ్ళతరబడి పట్టిన నలుపు పోతే సన్నని గీతలు మిగులుతాయి; విలువ తిరిగి రాదు. అంతగా మెరిసే పాత డాలరును కొనేవారు మరింత జాగ్రత్తగా చూడాలి.

"ఇది ఫలానా తోట కూలీది" అని అమ్మేవాడు చెప్పే కథకు డబ్బు ఇవ్వరాదు. నాణెం మీద తోట పేరు ఉండదు. ఆ కథ తెలిసేది ఇంటివారికే. మెడలో కట్టిన అవ్వ డాలరుకు దుకాణంలో ధర తక్కువైనా ఇంటిలో తక్కువ కాదు. అది ఎవరిదో, ఏ తోటలో ఉండేవారో ఒక కాగితం మీద వ్రాసి దానితోపాటు ఉంచుదాము. పిల్లలకు ఆ కాగితం లేకపోతే అది ఒట్టి వెండి.