జీపు నిండితే కదులుతుంది, బస్సు వేళకు కదులుతుంది

మా ఊరికి ఒక నైట్ హాల్ట్ బస్సు ఉండేది. రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చి మస్జిద్ పక్కన చింతచెట్టు కింద ఆగేది. డ్రైవరూ కండక్టరూ బస్సులోనే పడుకునేవారు. అమ్మీ నా చేతికిచ్చి వాళ్లకు జొన్నరొట్టె, ఖట్టీ దాల్ పంపేది. ఫజర్ నమాజు అయిన కాసేపటికి బస్సు బయల్దేరేది. అందులో మా ఆపా, ఇంకో ఐదుగురు ఆడపిల్లలు టౌన్‌లోని ఉర్దూ మీడియం హైస్కూలుకు వెళ్లేవారు.

అదే దారిలో జీపులూ తిరిగేవి. కానీ జీపు నిండితేనే కదులుతుంది. లోపల ఎంతమంది, పైన ఎంతమంది అన్న లెక్క ఉండదు. అబ్బా ఒక్కరోజు కూడా ఆపాను జీపు ఎక్కనివ్వలేదు. బస్సు లేకపోతే చదువు ఏడో తరగతితో ఖతం. ఆపా ఇవాళ టీచరు. ఆ ఆరుగురి పాసు డబ్బుతో ఆ బస్సుకు డీజిల్ ఖర్చు కూడా వెళ్లి ఉండదు. హిసాబ్ పుస్తకంలో అది నుక్సాన్ బస్సే.

ఈమధ్య ఏ దావత్‌కు వెళ్లినా ఒక సవాల్ వినిపిస్తోంది. "ఆర్టీసీకి సర్కారు ఎంతకాలమని డబ్బు పోస్తుంది భాయ్?" దీనికి జవాబు మన రియాసత్ తారీఖ్‌లోనే ఉంది.

హైదరాబాద్ రియాసత్‌లో రైలు నడిచింది ఖజానా అండతోనే. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు లైను పడింది. 1883లో లండన్ కంపెనీతో ఒప్పందం కుదిరింది. దాని పేరులోనే అసలు సంగతి ఉంది: నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. గ్యారంటీ ఎవరికి? ముసాఫిర్లకు కాదు, వాటాదారులకు. వాళ్ల పెట్టుబడి మీద 20 ఏళ్ల పాటు ఏటా 5 శాతం రాబడికి రియాసత్ జమానత్ ఇచ్చింది. రైలుకు అంత మిగలకపోతే లోటు ఖజానా పూడ్చాలి. ఈ చాందా రైల్వే షరతులు అవామ్ ముందు పెట్టాలని అప్పుడే అడిగినవాళ్లున్నారు. వాళ్లలో సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం ముఖ్యులు. అలా అడిగినందుకు అఘోరనాథ్‌ను హైదరాబాద్ నుంచి వెళ్లగొట్టారు.

అంటే సర్కారు డబ్బు రవాణాలోకి రావడం కొత్తేమీ కాదు. ఆ డబ్బుతో ఎవరి భరోసా కొంటున్నాం అన్నదే అసలు ప్రశ్న.

1930లో రియాసత్ ఆ రైల్వేను కొనేసింది. రెండేళ్లకు, 1932 జూన్‌లో, ఆ రైల్వే కిందనే రోడ్డు రవాణా మహకమా మొదలైంది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. రైలూ బస్సూ ఒకే చేతిలో ఉంటే ఒకదాని సవారీని ఇంకోటి లాక్కోదు, రైలు పోని ఊరికి బస్సు పోతుంది. అదీ దాని వెనక ఉన్న ఆలోచన. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి ముషీరాబాద్ బస్ భవన్‌లో ఉంది. పిల్లలకు చూపించండి. బస్సు నంబరు ప్లేటు మీది జెడ్ అక్షరం ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరు నుంచి వచ్చిందని మన పెద్దలు చెప్పుకుంటారు.

పోలీస్ యాక్షన్ తర్వాత రైల్వే కేంద్రానికి పోయింది. బస్సులు 1951లో హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం చేతికొచ్చాయి. 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ ఏర్పడింది. 1999లో 18,397 బస్సులతో గిన్నిస్ రికార్డుకెక్కింది. 27 నుంచి అక్కడికి ఒక్క టికెట్ డబ్బుతోనే చేరుకోలేదు. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టంలోనే కేంద్రమూ రాష్ట్రమూ మూలధనం ఇచ్చే ఏర్పాటు ఉంది.

అయితే ఆ చట్టంలోనే ఒక చిక్కుముడి కూడా ఉంది. 18వ సెక్షన్ ప్రజలకు సరిపడా, సమర్థమైన రవాణా అందించమంటుంది. 22వ సెక్షన్ వ్యాపార సూత్రాల మీద నడవమంటుంది. మా చింతచెట్టు కిందికి బస్సు రావాలంటే మొదటిది కావాలి. రెండోదాన్ని మాత్రమే చూసేవాడు ఆ బస్సును మర్నాడే ఆపేస్తాడు. ఈ రెంటి మధ్య లోటు ఎవరు భరించాలో ఏటా బడ్జెట్‌లో రాసిపెట్టకపోతే ఆ బరువంతా కార్మికుడి మీద, మారుమూల రూటు మీద పడుతుంది. 2019 అక్టోబరు 5న తెలంగాణలో మొదలైన సమ్మె యాభై రోజులు ఎందుకు సాగిందో అక్కడే అర్థమవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బందిని ప్రభుత్వ ఉద్యోగులుగా తీసుకున్నారు.

ఇప్పుడు తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం. సంతోషమే. కానీ జీరో టికెట్ ఎక్కడానికి ముందు బస్సు రావాలి కదా. టికెట్ డబ్బు సర్కారు వేళకు చెల్లించడం ఒక పని. పాత బస్సుల స్థానంలో కొత్తవి కొనడం, డ్రైవర్లను తీసుకోవడం, ఊరి రూట్లు నిలబెట్టడం ఇంకో పని. మొదటిది ఎన్నికల వాదా. రెండోది ఏ సర్కారు వచ్చినా సాగాల్సిన జిమ్మేదారీ.

మన ఇళ్లలో చాలామందికి ఆటోయే రోజీ. మా ఖాలా కొడుకు కూడా ఆటో నడుపుతాడు. ఉచిత బస్సు వచ్చాక సవారీ తగ్గిందని బాధపడుతున్నాడు. ఆ బాధ అబద్ధం కాదు. సర్కారు బస్సుకు డబ్బు పెట్టేటప్పుడు ఆటోవాలా కిస్తీలు, పిల్లల ఫీజులు కూడా హిసాబ్‌లోకి తీసుకోవాలి. అది ఖైరాత్ కాదు, ఇన్సాఫ్. కానీ దానికి జవాబు బస్సు ఆపడం కాదు. బస్టాండు నుంచి బస్తీ దాకా ఆటోకు పని ఉంటుంది. ఊరి నుంచి కాలేజీ దాకా రోజూ ఆటో కిరాయి ఇచ్చే స్తోమత ఆటోవాలా కూతురికే ఉండదు.

రోడ్డు వేస్తే లాభం ఎంతొచ్చిందని ఎవరూ అడగరు. సర్కారీ దవాఖానా నష్టాల్లో ఉందని మూసెయ్యమనరు. ఆ రోడ్డు మీద దవాఖానాకు తీసుకెళ్లే బస్సును మాత్రం రోజువారీ కలెక్షన్ అడుగుతాం.

ఈసారి ఓట్లకోసం ఎవరైనా మీ గడప తొక్కితే, టికెట్ ఉచితమా అని మాత్రమే అడక్కండి. మా ఊరికి పొద్దున మొదటి బస్సు ఎన్నింటికి, రాత్రి ఆఖరి బస్సు ఎన్నింటికి, వచ్చే ఏడాదీ వస్తుందా అని అడగండి. ఆపా చదువు ఉచితంగా సాగలేదు, అబ్బా ప్రతి నెలా పాసు కట్టాడు. ఆయన నమ్మింది ఒక్కటే: రేపు కూడా బస్సు వస్తుందని.